కుడివైపు చేప

నాన్నని ప్లేనోలో మా దగ్గరికి తెచ్చేసుకుందామని మొన్న చలికాలంలో మోరిస్‌విల్ ఇల్లు ఖాళీ చేయడానికి వెళ్ళాను. అమ్మ అప్పటికే మోకాలి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని, ఫోన్‌లోనే పెత్తనం చేస్తోంది. రోలు పారేయొద్దట, పాత దుప్పట్లు పారేయొచ్చట, మీ నాన్నని మాత్రం మర్చిపోకుండా తీసుకురమ్మని. గరాజ్ సర్దే పని నాకూ, మా చెల్లెలు కృపకీ పడింది. పెయింటు డబ్బాల వెనక నుంచి కృప ఒక పాత కాఫీ డబ్బాని రెండు చేతులతో లాగి, "అక్కా, ఇది ఏంటి, ఇంత హెవీ ఉంది?" అంది. డబ్బా నిండా సిమెంటు, సిమెంటులో పాతిన ఇనప కొక్కెం, కొక్కేనికి చివికిపోయిన తాడు. పడవకి వేసే లంగరు, చూడగానే పోల్చుకున్నాను. కృప కూడా పోల్చుకుంది. "ఓ మై గాడ్, నా ఫిష్ స్టోరీలో యాంకర్ ఇదేనా! నాన్నా, స్టోరీలో రెండు ఉన్నాయి కదా, ఇంకోటి ఎక్కడ?" అని అరిచింది. నాన్న కుర్చీలోంచి లేవకుండానే, "లేక్ అడుగున ఉంది" అన్నాడు.

కృప పుట్టకముందు జరిగిన కథ అది. మా తెలుగు చర్చిలో దాని పుట్టినరోజు వచ్చినప్పుడల్లా నాన్న లేచి నిలబడి, దేవుడు చేసిన మేలు ఇదీ అని సాక్ష్యం చెప్పేవాడు. అందరికీ కంఠతా వచ్చేసింది, పిల్లలైతే వెనక వరసలో కూర్చుని నాన్న చేతులు ఊపే తీరుని అనుకరించేవాళ్ళు. ఆ కథ మొత్తం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ ఇన్నేళ్ళూ బతికాను.

రేపల్లె నుంచి అమెరికా వచ్చి అప్పటికి ఏడాదే. నాకు పదకొండేళ్ళు. నాన్న ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవాడు. మోరిస్‌విల్ అప్పటికి ఇంకా పల్లెటూరే, సాయంత్రం ఆరయితే రోడ్డు మీద మనిషి కనపడడు. తెలుగు వాళ్ళం పదీ పన్నెండు కుటుంబాలం, ఆదివారం అమెరికన్ల ఆరాధన అయిపోయాక వాళ్ళ చర్చి హాలు అడిగి తీసుకుని, మధ్యాహ్నం మన పాటలు పాడుకునేవాళ్ళం. వాళ్ళ కాఫీ వాసన పోకముందే మా పులిహోర వాసన మొదలయ్యేది. ఆ ఏడాది అమ్మ కడుపుతో ఉంది. అంతకుముందు రెండు పోయాయి, ఒకటి రేపల్లెలో, రెండోది ఇక్కడికి వచ్చిన మూడో నెలలో. ఆ రెండోది పోయినప్పుడు నాన్న స్నానాల గది తలుపు వేసుకుని కుళాయి తిప్పి ఏడవడం నేను విన్నాను. ఈసారి డాక్టరమ్మ అయిదో నెలలోనే అమ్మని మంచం దిగొద్దంది, ఎడమవైపు తిరిగి పడుకోమంది. హాల్లో సోఫా పక్కకి మంచం లాగి, అమ్మ అక్కడే కాపురం పెట్టింది.

కొత్త సంవత్సరం రోజు మా చర్చిలో వాగ్దానపు కార్డులు పంచుతారు. పళ్ళెంలో బోర్లా పెట్టిన చిన్న చిన్న కార్డులు, ఒక్కొక్కరూ ఒకటి తీసుకోవాలి, దాని మీద ఉన్న మాట ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. కొంతమందికి సమాధానం, అంటే మనశ్శాంతి, వస్తుంది, కొంతమందికి సమృద్ధి వస్తుంది. మా నాన్నకి చేపలొచ్చాయి. పడవకి కుడివైపున వల వేస్తే దొరుకుతాయని ప్రభువు శిష్యులకి చెప్పిన మాట. ఆంటీలందరూ పకపకా నవ్వారు. నాన్న నవ్వలేదు. కార్డుని చొక్కా జేబులో పెట్టుకుని, ఇంటికొచ్చేదాకా ఆ జేబు మీద చెయ్యి తీయలేదు.

తరవాతి శనివారం లేక్ ఒడ్డున ఎర అమ్మే కొట్టుకి నన్ను తీసుకెళ్ళి, ఒక రేకు పడవ అద్దెకి అడిగాడు. కొట్టు నడిపే పెద్దావిడ మిస్ డార్లీన్, మగవాళ్ళ కోటు, నోట్లో పుల్ల. ఈ చలికాలంలో ఏ చేప కావాలని అడిగింది. ఏదైనా పరవాలేదు, కుడివైపు పడితే చాలన్నాడు నాన్న. ఆవిడ నోట్లో పుల్ల తీసి నా వంక చూసింది. ఆ అమ్మాయికైనా బుద్ధుందేమో అన్నట్టు చూసింది. ఈ చలిలో ఇక్కడ పడేది క్రాపీ ఒక్కటేనని చెప్పి, బకెట్‌లో ఎరకి బతికున్న చేపపిల్లలు పోసిచ్చింది. క్రాపీ అంటే మన చందువాలా పలచగా, అరచేతి వెడల్పున, ఒంటి నిండా నల్లటి మచ్చలతో ఉంటుంది.

మా నాన్న చేపలు పట్టింది ఎక్కడయ్యా అంటే చిన్నప్పుడు రేపల్లె కాలవలో. కాలవలో జెల్ల చేప అడుగున ఉంటుంది, గాలం అడుగుకి వదిలి కూర్చుంటే, అది లాగినప్పుడు బెండు బుడుంగున మునుగుతుంది. ఆ విద్యనే ఇక్కడ ప్రదర్శించాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గాలం అడుగున, మేం పైన. దానికి తోడు గాలి. ఎడమవైపు నుంచి గాలి వీస్తే పడవ కుడివైపుకి కొట్టుకుపోయి, కుడివైపు వేసిన దారం మీదికే ఎక్కేది, దారం పడవ కిందనుంచి దూరి ఎడమవైపు తేలేది. నాన్న కంగారుగా లాగేసేవాడు. "అటుపక్క పడితే చెల్లదు తల్లీ!" అనేవాడు. ఎందుకు చెల్లదో అడిగితే చెప్పేవాడు కాదు. ఏమీ పడకుండా, ముక్కులు ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చాం. మిగిలిన చేపపిల్లలని పారేయడానికి మనసొప్పక నాన్న స్నానాల తొట్టిలో వదిలాడు. అమ్మ బాత్‌రూమ్‌కి వెళ్ళి కెవ్వున కేకేసింది. తరవాత అలవాటైపోయి, "పోన్లెండి, నాకింక టీవీ అక్కర్లేదు" అంది.

అమ్మది అదో తీరు. డాక్టరమ్మ లేవొద్దన్నది కాళ్ళకే గానీ నోటికి కాదని ఆవిడ నమ్మకం. మంచం మీంచే వంట చేయించేది. "ఆవాలు చిటపటలాడాక కదండీ కరివేపాకు వేయమన్నాను, ఆ మాడు వాసనేంటి?" అనేలోపు స్మోక్ అలారం కుయ్యిమనేది, నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరేదాన్ని. రోజూ స్కూల్ నుంచి రాగానే అమ్మమ్మకి ఉత్తరం నా చేత రాయించేది, తను చెబుతూ ఉంటే నేను రాసేదాన్ని. ఒత్తులు తప్పితే కాగితం చింపించేది. ఇవాళ నాలుగు తెలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ మంచం చలవే. ఉత్తరాల్లో అన్నీ కులాసా కబుర్లే. ఒక్కోసారి మధ్యలో ఆగిపోయి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వినేది. బిడ్డ కదిలిందని తెలిశాక, "ఊఁ, ఎక్కడున్నాం?" అనేది. అంతదాకా నేనూ కలం ఎత్తి పట్టుకునే ఉండేదాన్ని.

రెండో శనివారం మిస్ డార్లీన్‌కి మా మీద జాలి పుట్టింది. నన్ను కౌంటర్ దగ్గరికి పిలిచి, అంతకుముందు ఎవరో పట్టి తెచ్చిన క్రాపీని చేతికిచ్చి, "కళ్ళెక్కడున్నాయో చూడు" అంది. తలకి బాగా పైన ఉన్నాయి. అది కిందికి చూడదంది. తనకన్నా పైనున్నదాన్ని చూసి పైకి వచ్చి తింటుంది, దాని కిందికి గాలం వదిలితే రోజంతా కూర్చున్నా అంతే. చలికాలంలో దానికీ బద్ధకమే, ఎర వెంట పరుగెత్తదు, నోటి ముందుకొస్తే సరేనంటుంది. అందుకే ఎర కదలకూడదు. గాలి పడవని ఊపితే ఎర ఎగిరెగిరిపడుతుంది, చేప మొహం తిప్పేసుకుంటుంది. అందుకని ముందొక లంగరు తాడు, వెనకొక లంగరు తాడు వేసి, పడవ గింగిరాలు తిరగకుండా కట్టేయాలి. దక్షిణపు గాలి రెండు మూడు రోజులు వరసగా వీచి మబ్బేస్తే అదృష్టం. అది పోయి ఉత్తరపు గాలి తిరిగి, ఆకాశం నీలంగా మెరిసిందా, వారం దాకా నోరు తెరవవు. "మరి ఒకటి గుర్తుపెట్టుకో హనీ," అంది, "ఈ చలిలో అది దారం లాగదు. ఎర నోట్లో పెట్టుకుని పైకొస్తుంది. దారం వదులైతే చేప ఉన్నట్టు."

లాగితే కాదు, వదులైతే! నాకు మతిపోయింది. స్కూల్లో ఏ పాఠమూ నన్నంత కుదిపెయ్యలేదు. ఆ రోజు నుంచీ గాలి పిచ్చి పట్టింది. పోస్టాఫీసు ముందు జెండా ఎటు ఎగురుతోంది, ఎదురింటి పొగ గొట్టం పొగ ఎటు వంగింది, బస్ ఎక్కేముందు చూసి, సాయంత్రం అమ్మకి రిపోర్టు ఇచ్చేదాన్ని. ఉత్తరపు గాలి వీస్తే చేపలు ఎందుకు అలుగుతాయి? నీళ్ళ కింద ఉన్నదానికి ఆకాశం రంగు ఎలా తెలుస్తుంది? "నన్నడిగితే ఏం చెప్పనే, నేనేమైనా చేపనా?" అనేది అమ్మ. "నాకు ఎడమపక్క, మీ నాన్నకి కుడిపక్క, నీకేమో గాలి. ఈ ఇంట్లో నిటారుగా నిలబడ్డవాళ్ళెవరూ లేరు." నాన్న మాత్రం ల్యాబ్ నుంచి రాగానే కాఫీ డబ్బాల్లో సిమెంటు పోసి లంగర్లు తయారుచేశాడు.

మూడో శనివారం ఉత్తరపు గాలి, కత్తిలాంటి నీలాకాశం, ఒక్కటీ పడలేదు. మధ్యాహ్నం నాన్న నేనున్నానన్న సంగతే మర్చిపోయినట్టు గట్టిగా ప్రార్థన చేసుకున్నాడు. "ప్రభువా, ఈ కుడివైపున ఒక్క చేప ఇయ్యి. ఒక్కటిస్తే ఈ బిడ్డ నిలుస్తుందని నమ్ముతాను. ఇంకేమీ అడగను." అప్పుడు అర్థమైంది నాకు, ఎడమవైపు ఎందుకు చెల్లదో. దాంతోపాటు ఇంకొకటి కూడా అర్థమైంది. కుడివైపు పడకపోతే మరి? గాలికి పోయే కంపని తెచ్చి ఒంటికి తగిలించుకోవడం అంటారే, మా నాన్న చేసింది అదే.

ఆ వారంలో అమ్మకి రెండుసార్లు నొప్పులొచ్చి తగ్గాయి. బుధవారం నుంచి దక్షిణపు గాలి మొదలైంది. శనివారం పొద్దున మిస్ డార్లీన్ తలుపు దగ్గరే నిలబడి, ఇవాళ పట్టుకుంటే పట్టుకున్నట్టు, రేపు ఉత్తరపు గాలి తిరుగుతుంది అని చెప్పింది. నీళ్ళలో పాత చెట్టొకటి పడి మునిగి ఉన్న చోటు గుర్తులు కూడా చెప్పింది. మబ్బేసి ఉంది. నీళ్ళ మీద సన్నటి అలలు. నాన్న ముందొక లంగరు, వెనకొక లంగరు దించాడు. నేను ముందు, తను వెనక. తను కుడివైపు తిరిగి కూర్చున్నాడు, వెనక్కి తిరిగి చూడడు. నేను నా చిన్న గాలపు కర్రతో, ఊరికే, ఎడమవైపు వదిలాను. నాకేం మొక్కు లేదుగా.

నాలుగు నిమిషాలకి నా దారం వదులైంది. ఎవరో అవతలి కొసని కాస్త ఎత్తి పట్టుకున్నట్టు, అంతే. చప్పుడు చేయకుండా చుట్టాను. వెండి రంగు, నల్లటి మచ్చలు, నా రెండు అరచేతులంత క్రాపీ. ఇంకొకరైతే గంతులేసేవాళ్ళు. నాకు ఏడుపొచ్చింది. మునిగిన చెట్టు ఎడమవైపు ఉంది, చేపలన్నీ ఎడమవైపు ఉన్నాయి, మా నాన్న కుడివైపు చూస్తూ కూర్చున్నాడు. దాన్ని మెల్లిగా నీళ్ళలోకి జారవిడిచాను. వెనక్కి చూశాను. నాన్న తల వంచుకుని ప్రార్థనలో ఉన్నాడు. నా ముందు పడవ అంచునున్న కొక్కేనికి కట్టిన లంగరు తాడు ముడి విప్పి, కొసని నీళ్ళలోకి వదిలేశాను. తాడు పాములా జరజరా పోయింది. వెనక లంగరు ఒక్కటే మిగిలింది. గాలి పడవ ముక్కుని పట్టుకుని నెమ్మదిగా, గడియారం ముల్లులా, అటు నుంచి ఇటు తిప్పేసింది. ఇంతసేపూ ఎడమవైపున్న చెట్టు ఇప్పుడు కుడివైపుకొచ్చింది.

"అరే, తాడు తెగిందా ఏంటి?" అన్నాడు నాన్న. నేను ఎర మార్చుకుంటున్నట్టు తల వంచుకున్నాను. కాసేపటికి ఆయన దారం వదులైంది, ఆయనేమో బెండు మునగాలని చూస్తున్నాడు. "నాన్నా, వదులైంది! లాగు, లాగు!" అని అరిచాను. లాగాడు. చేప పడవలో పడి తోకతో టపటపా కొడుతుంటే, మా నాన్న దాని పక్కన మోకాళ్ళ మీద కూలబడి, చలికి మొద్దుబారిన చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ తరవాత ఇంకో ఎనిమిది పడ్డాయి. అమ్మ ఆ రాత్రి మంచం మీంచే పులుసు పెట్టించింది. చింతపండు పులుసు మరిగి, మెంతిపొడి వాసన ఇల్లంతా పట్టింది. ఎన్నో వారాల తరవాత అమ్మ కంచం ఖాళీ చేసింది. ఆదివారం నాన్న సాక్ష్యం చెప్పాడు. దేవుడు గాలిని పంపి పడవని తిప్పాడన్నాడు. హాలంతా స్తోత్రం, స్తోత్రం. నేను చెప్పుల వంక చూసుకుంటూ కూర్చున్నాను.

కృప రెండు నెలల ముందే పుట్టేసింది. గాజు పెట్టెలో, ట్యూబుల మధ్య, నా చెయ్యంత పిల్ల. అమ్మకి ఇంకా ఒంట్లో బాగా లేదు, రోజూ నేనూ నాన్నా వెళ్ళి అద్దం ఇవతల నిలబడేవాళ్ళం. నాన్న ఎంత నిబ్బరంగా ఉండేవాడో చెప్పలేను. సన్నగా పాట కూనిరాగం తీస్తూ, నా భుజం మీద చెయ్యేసి, "ఏం పర్లేదు తల్లీ, చేప పడింది కదా" అనేవాడు. "అవును నాన్నా" అనేదాన్ని. ఆ చేప దేవుడిచ్చింది కాదు. అది దొంగ చేప. లోపల ఆ పిల్ల ఊపిరి ఎగపీల్చినప్పుడల్లా, నేను చేసిన మోసానికి దేవుడు ఇప్పుడు లెక్క తేలుస్తాడేమో అనిపించేది. ఇంట్లో అందరూ ఆ చేప మీద భారం వేసి ధైర్యంగా ఉన్నారు, దాని సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తిన్నది వాంతి చేసుకునేదాన్ని. ఆరు వారాలు. తరవాత ఒక రోజు దాన్ని దుప్పట్లో చుట్టి మా చేతికిచ్చారు, ఇప్పుడదే గరాజ్‌లో నాకు పనులు పురమాయిస్తోంది.

కృప మొగుడికి చేపల పిచ్చి. వాడి పడవలో టీవీ అంత స్క్రీను ఉంది, నీళ్ళ కింద ఏ చేప ఎక్కడుందో, ఎటు చూస్తోందో అన్నీ కనపడతాయి. నన్నోసారి తీసుకెళ్ళాడు. చేప ఎర దగ్గరికి రావడం, వద్దనుకుని వెళ్ళిపోవడం కూడా చూశాను. బ్రహ్మాండంగా ఉంది, అబద్ధమెందుకు. గాలి ఎటుందని అడిగితే మాత్రం ఫోన్ తీసి చూసి చెప్పాడు. చెంప మీద తగులుతూనే ఉంది. ఉత్తరపు గాలికి చేపలు ఎందుకు నోరు మూసుకుంటాయో వాడికీ తెలియదట, గాలితో పాటు ఏదో ప్రెషర్ మారుతుందన్నాడు. నాకిప్పటికీ తెలియదు. తెలుసుకోవాలనే ఉంది.

గరాజ్ సర్దిన ఆ మధ్యాహ్నం కృప కారు నిండా సామాన్లు వేసుకుని డొనేట్ చేయడానికి వెళ్ళింది. గరాజ్‌లో నేనూ నాన్నా మిగిలాం. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, ఇంకెప్పుడు చెబుతాను? డబ్బా ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, "నాన్నా, ఆ రోజు తాడు తెగలేదు. నేనే విప్పాను" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

"ఎలా తెలుసు? ప్రార్థనలో ఉన్నావుగా?"

"కళ్ళు తెరిచాను. నువ్వు ముడి విప్పుతున్నావు. ఒక్క మాటంటే ఆగిపోయేదానివి. నాకు నువ్వు ఆగకూడదనిపించింది, తల్లీ. మళ్ళీ కళ్ళు మూసుకున్నాను."

కళ్ళు మూసుకోకపోతే ప్రార్థనే కాదని చిన్నప్పుడు నా నెత్తి మీద మొట్టిన మనిషి! "తెలిసి మరి ఇన్నేళ్ళు చర్చిలో ఆ సాక్ష్యం ఎలా చెప్పావు? దేవుడు తిప్పాడని, గాలి తిప్పిందని?"

"ఎవరికి చెప్పాననుకున్నావు? బిడ్డకేమైనా అయితే అది నీ చేతి పనేనని నువ్వు బతికినంతకాలం మోస్తావు. పదకొండేళ్ళ పిల్లవి. అందుకే చేప పడింది, పడింది అని ఊరంతా చాటాను. నీ చెవిన పడాలని."

"మరి నువ్వు నమ్మావా?"

"నమ్మడమా?" నాన్న తల అడ్డంగా ఊపాడు. "ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా నిన్ను పైకి పంపి, కార్ పార్క్ చేసొస్తానని చెప్పేవాణ్ణి గుర్తుందా? కార్లో కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని పైకొచ్చేవాణ్ణి. నా కన్నా నీకే ధైర్యం ఎక్కువ అనుకునేవాణ్ణి. రోజూ అవును నాన్నా, అవును నాన్నా అనేదానివి."

ఆరు వారాలు అద్దం ముందు భుజం భుజం ఆనించుకుని నిలబడ్డాం ఇద్దరం. ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి, ఎన్నడూ ఏడవనంత ఏడ్చాను. నాన్న నా తల నిమురుతూ ఉండగా డ్రైవ్‌వేలో కృప కారు ఆగిన చప్పుడైంది. "దానికి చెప్పకు" అన్నాడు నాన్న కంగారుగా. "చిన్నప్పటి నుంచి అది ఆ కథ మీదే పెరిగింది. దాని కథ దానికుండనీ."

చెప్పలేదు. రాస్తే ఫర్వాలేదనుకున్నాను. కృపకి తెలుగు చదవడం రాదు.